రెక్కల బల్లకు మేకు, సన్‌మైకా రెండూ వద్దు

ప్రశ్న: మా అత్తవారింట్లో పాత టేకు భోజనాల బల్ల ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో కాకినాడలో దొరల బంగళా సామాను వేలం వేస్తే మా మామగారి తండ్రి కొన్నారట. మూసి ఉన్నప్పుడు 5 అడుగులు. రెండు చివర్లా పైపలక కింద ఉన్న పలకలు లాగితే 8 అడుగులు అవుతుంది. వెడల్పు 3 అడుగులు, ఎత్తు 30 అంగుళాలు. పైపలక కదులుతోందని ఎవరో ఎప్పుడో నాలుగు మేకులు కొట్టారు. అప్పటి నుంచి కింది పలకలు బయటికి రావడం లేదు. కొబ్బరి నూనె పోసి చూస్తే ఇంకా బిగుసుకుపోయాయి. పైన తెల్లటి గ్లాసు మరకలు, ఒకచోట నల్ల మచ్చ ఉన్నాయి. ఒక కోడు (బల్ల కాలు) దగ్గర సన్నటి పొడి రాలుతోంది. కోళ్లకు పాతకాలంలో తెల్ల రంగు వేశారు. వానలు తగ్గాక హైదరాబాదులో ఫ్లాటుకు మారుతున్నాం. అక్కడ భోజనాల చోటు 10 అడుగులకు 10 అడుగులు. అత్తగారు ఏడాదిగా చక్రాల కుర్చీలో ఉన్నారు. బల్ల చట్రం కింది అంచు నేలకు 24 అంగుళాల ఎత్తులో ఉండటంతో ఆవిడ మోకాళ్లు తగులుతున్నాయి. అందుకని పక్కన వేరే చిన్న బల్ల మీద ఒక్కరే తింటున్నారు. మేస్త్రి మిషను చిత్రిక పట్టి సన్‌మైకా అంటిస్తానంటున్నారు, లేదంటే పైన అద్దం వేయమంటున్నారు. మా తమ్ముడేమో ఆరంగుళాలు కోయించి, కింది పలకలు తీసేయమంటున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, కోత వద్దు, సన్‌మైకా వద్దు, అద్దం కూడా వద్దు. మీ అత్తగారు అందరితో కలిసి తినడానికి కావలసిన చోటు ఆ బల్లలోనే ఉంది. మేకులు తీస్తే అది బయటికి వస్తుంది. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి. ఏ భాగం ఎందుకు ఉందో మీకు తెలిస్తేనే మేస్త్రికి గట్టిగా చెప్పగలుగుతారు.

పొడవు పెరిగే బల్లల్లో ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. ఒక రకం నడుమ విడిపోతుంది, ఆ ఖాళీలో విడి పలకలు పేర్చుకుంటారు. ఒకదాని పక్కన ఒకటి జారే బద్దలతో అలాంటి బల్లకు ఇంగ్లండులో రిచర్డ్ గిల్లో 1800లో పేటెంటు తీసుకున్నాడు. రెండో రకంలో పిడి తిప్పితే మర తిరిగి బల్ల విడిపోతుంది. మీది మూడోది, అన్నింటికన్నా పాతది. ఐరోపాలో 16వ శతాబ్దం నుంచే వాడుకలో ఉంది. ఇందులో మరలు, చక్రాలు ఏమీ ఉండవు. నాలుగు వాలు బద్దలు, పైపలక బరువు, అంతే. మూడింటిలోనూ నాకు ఇదే ఇష్టం. మన ఊరి వడ్రంగి బాగుచేయలేని భాగం ఇందులో ఒక్కటీ ఉండదు.

చట్రం మీద సరిగ్గా నడుమ ఒక పలక అడ్డంగా, స్థిరంగా బిగించి ఉంటుంది. దాన్ని మధ్యపలక అందాం. దానికి అటూ ఇటూ అదే మట్టంలో ఉండేవి మీరు చెప్పిన కింది పలకలు, అంటే రెక్కలు. ఒక్కో రెక్క కింద రెండు పొడవాటి బద్దలు బిగించి ఉంటాయి. అవి చట్రంలో కోసిన గాడుల్లోంచి జారుతాయి. ఆ బద్దల అడుగుభాగం తిన్నగా ఉండదు, ఏటవాలుగా చెక్కి ఉంటుంది. రెక్కను లాగుతున్న కొద్దీ ఆ వాలు వల్ల అది పైకి లేస్తూ, మీద ఉన్న పైపలకను కూడా కాస్త ఎత్తుతుంది. రెక్క పూర్తిగా బయటికి రాగానే పైపలక మళ్లీ మధ్యపలక మీదికి దిగుతుంది. అప్పుడు పైపలకా రెక్కా ఒకే మట్టంలో ఉంటాయి. ఇదంతా జరగాలంటే పైపలక స్వేచ్ఛగా లేవాలి. అందుకే దాన్ని దేనికీ బిగించరు. అడుగున ఉండే చెక్క గూటాలు మధ్యపలకలోని బెజ్జాల్లో దిగి, అది పక్కకు జరగకుండా మాత్రం ఆపుతాయి. అంటే మీ ఇంట్లో పైపలక కదలడం లోపం కాదు, దాన్ని చేసిందే అలా. ఆ నాలుగు మేకులూ బల్లను కట్టిపడేశాయి.

ఇప్పుడు సన్‌మైకా సంగతి. ఆ రేకు మందం సుమారు 1 మి.మీ. పైపలకకు ఒక్కదానికే అంటిస్తే, రెక్క లాగినప్పుడు అతుకు దగ్గర 1 మి.మీ. మెట్టు వస్తుంది. కంచం కింద తగులుతుంది, అన్నం మెతుకులు అక్కడే చేరతాయి. రెక్కలకు కూడా అంటిద్దామంటే, మూసినప్పుడు రెక్కలు మధ్యపలకకన్నా 1 మి.మీ. ఎత్తవుతాయి. అప్పుడు పైపలక మధ్యపలక మీద కాకుండా రెక్కల మీద కూర్చుంటుంది, లాగిన ప్రతిసారీ ఒరుసుకుంటుంది. మిషను చిత్రికతోనూ ఇదే చిక్కు. పైపలకను 3 మి.మీ. తీసేస్తే రెక్క దానికన్నా 3 మి.మీ. ఎత్తుగా నిలుస్తుంది. అద్దం వేస్తే 5, 6 మి.మీ. తేడా. పైగా అద్దం కింద చేరిన తడి ఎటూ పోలేక పాలిష్‌ను తెల్లగా చేస్తుంది. ఈ బల్ల చేసిన మనిషి రెక్క మందం, మధ్యపలక మందం, బద్ద వాలు మూడింటినీ ఒకదానికొకటి లెక్క కట్టి చేశాడు. అందులో ఏ ఒక్కటి మారినా మిగతా రెండూ తప్పుతాయి. మీ తమ్ముడు చెప్పినట్టు ఆరంగుళాలు కోస్తే పైపలక కింద రెక్కలు పట్టవు. అందుకే ఆయన వాటిని తీసేయమంటున్నారు. రెక్కలు తీసేశాక మిగిలేది ఎక్కడైనా దొరికే మామూలు బల్లే.

మేకులు తీసేటప్పుడు పైనుంచి పట్టకారుతో పెకలించనివ్వకండి, చుట్టూ చెక్క పెచ్చులు లేస్తుంది. బల్ల కిందికి దూరి టార్చి వేసి చూడండి. మధ్యపలకను చట్రానికి బిగించిన స్క్రూలు సాధారణంగా అక్కడ కనిపిస్తాయి. తుప్పు పట్టి ఉంటే స్క్రూడ్రైవరు మీద సుత్తితో రెండు దెబ్బలు వేసి, ముందు కొద్దిగా బిగించే వైపు తిప్పి, ఆ తర్వాత విప్పమనండి. అవి వస్తే పైపలక, మధ్యపలక రెండూ కలిసి లేచివస్తాయి. వాటిని మెత్తటి దుప్పటి మీద బోర్లించి, రెంటి మధ్యా సన్నటి చెక్క చీలికలు దూర్చి కొంచెం సందు చేయాలి. ఆ సందులో ఇనుము కోసే రంపపు బ్లేడు పెట్టి మేకులు కోసేయవచ్చు. పైపలక వైపు పల్చటి రేకు ముక్క అడ్డం పెడితే గీత పడదు. తలలు ఆ తర్వాత కింది నుంచి తడితే పైకి వస్తాయి. మిగిలిన రంధ్రాలను లప్పంతో పూడ్చవద్దు, కొన్నాళ్లకు అది ఊడిపోతుంది, రంగూ కలవదు. చిన్న టేకు బిళ్లలు చెక్కి, గీతలు పైపలక గీతల దిశలోనే ఉండేలా దించి అంటించమనండి.

రెక్కలను బయటికి తీసేముందు ఒక్కో బద్దనూ, దాని గాడినీ ఫోనులో ఫొటో తీసుకోండి. పాత పనివాళ్లు చాలామంది ఉలితో బద్దకూ గాడికీ ఒకే గుర్తు గాట్లు పెట్టేవారు, ఒక గీత, రెండు గీతలు, అలా. ఏ బద్ద ఏ గాడిలోదో అందులోకే వెళ్లాలి. రెండో దాంట్లో సరిగా పట్టదు. కొబ్బరి నూనె ఆరే నూనె కాదు. దుమ్మును పట్టి ఉంచి, జిగురుగా మారుతుంది. టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో బద్దలు, గాడులు తుడిచి, ఒక రోజు ఆరనిచ్చి, మామూలు కొవ్వొత్తి గట్టిగా రుద్దండి. సబ్బు రుద్దమని చెబుతారు, అది తేమను పీలుస్తుంది, వద్దు.

అయినా బద్ద బిగుతుగా ఉంటే మేస్త్రి చేయి చిత్రిక మీదికి పోతుంది. దయచేసి ఆపండి. ఇది నేను అన్నింటికన్నా గట్టిగా చెప్పదలచిన మాట. కలప నిలువుగా, అంటే గీతల దిశలో, దాదాపు పెరగదు, తగ్గదు. అడ్డంగా మాత్రం గాలిలో తేమను బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ విషయంలో టేకు నెమ్మదస్తురాలే. అయినా 3 అడుగుల వెడల్పు పలక, కలపలో తేమ 4 శాతం మారితే, దుంగను కోసిన తీరును బట్టి మూడున్నర నుంచి ఆరున్నర మి.మీ. దాకా తేడా చూపుతుంది. కాకినాడ వానల్లో సముద్రపు గాలికి బిగుసుకున్న బద్ద, హైదరాబాదు ఎండల్లో ఏసీ గదిలో తనంతట తానే వదులవుతుంది. ఇక్కడ చెక్కించి తీసుకువెళితే అక్కడ లొడలొడలాడుతుంది, పోయిన కలప తిరిగి రాదు. కాబట్టి కాకినాడలో మేకులు తీయించి, శుభ్రం చేసి, విప్పి తీసుకువెళ్లండి. కొత్త ఇంట్లో నెల రోజులైనా ఊరికే ఉంచండి. బిగుతులు, పాలిష్ ఆ తర్వాత. పైపలకలో కొత్తగా సన్నటి చీలిక కనిపించినా కంగారుపడి వెంటనే జిగురు నింపకండి, ఒక వానాకాలం గడిచేదాకా చూడండి. ఏసీ గాలి నేరుగా బల్ల మీదికి కొట్టకుండా చూసుకుంటే చాలావరకు చీలికలు రావు.

కోడు దగ్గర పొడిని ఒకసారి వేళ్ల మధ్య నలిపి చూడండి. పిండిలా మెత్తగా ఉంటే పుచ్చు పురుగు, రవ్వలా గింజలు తగిలితే ఎండుకలపను తినే చెద. టేకు చేవను పుచ్చు పురుగు సాధారణంగా ముట్టదు, చేవ లేని తెల్లటి భాగాన్నే తింటుంది. పాత బల్లల్లో అలాంటి భాగం కోడు మూలల్లోనో చట్రం లోపలి వైపునో మిగిలి ఉంటుంది. పొడి అంతా ఊడ్చి, కోడు కింద నల్ల కాగితం పరిచి రెండు మూడు వారాలు కదపకుండా వదిలేయండి. కొత్త పొడి పడకపోతే పురుగు ఎప్పుడో వెళ్లిపోయినట్టే. పడితే కలప పురుగు మందును సిరంజితో ఒక్కో రంధ్రంలోకీ ఎక్కించాలి. పాలిష్ ఉన్న చోట పైపైన పూస్తే లోపలికి పోదు. చెద అయితే మందు కొట్టేవారిని పిలవండి, ఇంట్లో మిగతా కలపనూ చూపించండి. ఈ పని మాత్రం హైదరాబాదు వెళ్లే ముందే పూర్తి కావాలి.

కోళ్ల తెల్ల రంగును పొడిగా గీకించవద్దు, మిషనుతో రుద్దించవద్దు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరులోనే అమలులోకి వచ్చింది. అంతకు ముందటి పాత రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే వీలుంది, ఆ దుమ్ము పిల్లలకు చాలా హాని. రంగు తీసే ద్రావకం పూసి, మెత్తబడ్డాక తడిగానే గీకి, ఆ పెచ్చులను పాత పేపరులో చుట్టి పారేయాలి. ఈ పని వరండాలో, పిల్లలు లేనప్పుడు.

మరకల సంగతికి ముందు, పైన ఉన్నది ఏ పాలిష్ అన్నది తెలియాలి. రెక్క అడుగున కనిపించని చోట స్పిరిట్‌లో ముంచిన దూది అద్ది, ఒక నిమిషం ఆగి వేలితో తాకండి. జిగటగా మారితే అది లక్క పాలిష్. ఆ కాలపు బల్లకు ఎక్కువగా అదే ఉంటుంది. గ్లాసు అడుగున తెల్లటి వలయం లక్క పొరలో ఇరుక్కున్న తేమే, కలపలోకి దిగలేదు. స్పిరిట్ తగిలీ తగలనట్టు ఉన్న గుడ్డను దాని మీద ఒక్కసారి విసురుగా లాగితే చాలావరకు పోతుంది. ఆపి రుద్దితే పాలిషే లేచిపోతుంది, జాగ్రత్త. నల్ల మచ్చ వేరు. అది ఇనుము, తడి కలిసి కలపలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో చేసిన మరక. ఎవరో ఇనుప మూకుడు తడిగా పెట్టి ఉంటారు. అక్కడ మాత్రం పాలిష్ తీసి, ఆక్జాలిక్ ఆమ్లం గోరువెచ్చని నీళ్లలో కలిపి బ్రష్‌తో పూయాలి. ఆరాక మంచినీళ్లతో రెండు మూడుసార్లు తుడిచేయాలి. అది విషం. చేతి తొడుగులు తప్పనిసరి, దాని పొడి ముక్కులోకి పోకూడదు, వంటింటి గిన్నెల్లో కలపకూడదు.

కొత్త పాలిష్ కూడా లక్కే వేయించమని నా సలహా. పీయూ (పాలీయురేథేన్ పాలిష్) వేస్తే గట్టిగా ఉంటుంది, నిజమే. కానీ దెబ్బ తగిలిన చోటు మాత్రమే సరిచేయడం కష్టం, మొత్తం గీకి మళ్లీ వేయాలి. లక్క అలా కాదు, కొత్త పూత పాత పూతలో కరిగి కలిసిపోతుంది. లీటరు స్పిరిట్‌కు 200 గ్రాముల లక్క పెచ్చులు, గాజు సీసాలో రాత్రంతా నానబెట్టాలి. ఇనుప డబ్బా వద్దు, రంగు నల్లబడుతుంది. దూదిని పాత నూలు గుడ్డలో చుట్టి, దానితో పల్చటి పూతలు చాలా వేయాలి. ఎప్పుడో కలిపి షాపులో నిలవ ఉన్న లక్క సరిగా ఆరదు, తాజాగా కలిపించండి. వాన రోజుల్లో వేయిస్తే తేమకు పూత తెల్లబడుతుంది, అందుకే మీకు ఆ పని జనవరి, ఫిబ్రవరి నెలల్లో పెట్టుకోవడం మంచిది. ఒక్క జాగ్రత్త: లక్కకు వేడి గిన్నె పడదు, చేతులకు రాసుకునే శానిటైజరూ పడదు, అందులో ఉన్నది స్పిరిట్ లాంటిదే. గిన్నెల కింద చాపలు, అత్తగారి చోట ఒక గుడ్డ వేయండి.

ఇక మీ అత్తగారి విషయం. చక్రాల కుర్చీలో కూర్చున్నవారి మోకాళ్లకు సుమారు 27 అంగుళాల ఎత్తు ఖాళీ కావాలి. మీ చట్రం కింద ఉన్నది 24. చట్రాన్ని మూడంగుళాలు కోయమని ఎవరైనా అనవచ్చు. బద్దలు జారే గాడులు ఉన్నది ఆ చట్రంలోనే, కోస్తే బల్ల బలమే పోతుంది. కానీ చివరి రెక్క బయటికి లాగి చూడండి. దాని కింద చట్రం ఉండదు. రెండు బద్దలు మాత్రమే ఉంటాయి, వాటి నడుమ అంతా ఖాళీ. రెక్క మందం అంగుళమే అనుకుంటే కింద 29 అంగుళాల ఎత్తు దొరుకుతుంది. మీ కొలతల ప్రకారం ఒక్కో రెక్క 18 అంగుళాలు బయటికి వస్తుంది, మోకాళ్లు దూరడానికి అది చాలు. పాదాలు చట్రం కిందికి హాయిగా వెళతాయి. అంటే బల్ల కొసన, ఇంటి పెద్ద కూర్చునే చోట ఆవిడ కూర్చుంటారు. ఒకవైపు రెక్క ఎప్పుడూ తెరిచే ఉంచండి.

ముందుగా రెండు కొలతలు తీసుకోండి. ఒకటి బద్దల మధ్య దూరం. మోకాళ్లు, తొడలు ఆ నడుమ పట్టాలి. రెండోది కుర్చీ చేతుల ఎత్తు. అవి చాలా కుర్చీలకు 29, 30 అంగుళాలు ఉంటాయి కాబట్టి రెక్క అంచుకు తగలవచ్చు. ముందుభాగం పొట్టిగా ఉండే చేతులు కొన్ని కుర్చీలకు దొరుకుతాయి, అవి మార్చుకుంటే సరిపోతుంది. లేకపోతే నాలుగు కోళ్ల కిందా అంగుళం, గరిష్ఠంగా రెండు అంగుళాల టేకు దిమ్మలు పెట్టించండి. కోడు అడుగు కూర్చునేలా దిమ్మ పైభాగంలో గుంట తొలిపించాలి. కోడును తాకకుండా చేసే మార్పు ఇది, వద్దనుకున్నప్పుడు తీసేయవచ్చు. చక్రాలు మాత్రం బిగించకండి, ఆవిడ బల్ల పట్టుకుని ముందుకు జరిగితే బల్లే జారుతుంది. మిగతావారి కుర్చీలు 18 అంగుళాల ఎత్తు ఉంటే 31 అంగుళాల బల్లతో ఇబ్బంది లేదు, 32 అయితే పిల్లలకు దిండు కావాలి. ఆవిడ లేచేటప్పుడు రెక్క మీద చేయి మోపి బరువంతా వేయకుండా చూడండి. రెక్క మోసేది కంచాలను, మోచేతులను. మనిషి బరువు దాని మీద పడకూడదు.

చోటు సరిపోదని భయం వద్దు. ఒక రెక్క తెరిస్తే బల్ల ఆరున్నర అడుగులు. పదడుగుల గదిలో మూసిన కొసను గోడకు అరడుగు దూరంలో పెట్టినా, తెరిచిన కొస దగ్గర 3 అడుగులు మిగులుతుంది. కుర్చీలో కొంత భాగం రెక్క కిందికి వెళుతుంది కనుక అది సరిపోతుంది. కానీ కుర్చీ తిప్పుకోవడానికి దాదాపు 5 అడుగుల చోటు కావాలి. అందుకని తెరిచిన కొస హాలు వైపు ఉండేలా బల్ల వేయండి, ఆవిడ నేరుగా వచ్చి నేరుగా వెళ్లవచ్చు. పండగలకు బల్లను ముందుకు జరిపి రెండో రెక్క తెరవండి.

రెక్క రంగు పైపలకతో కలవడం లేదని మీకు అనిపిస్తుంది. ఇన్నేళ్లూ వెలుతురు తగలలేదు కదా. రంగు వేయించి కలపకండి, తెరిచి ఉంచితే నెలలు గడిచే కొద్దీ దగ్గరవుతుంది. పైపలక అడుగున, రెక్కకు తగిలే చోట, మందపాటి ఉన్ని గుడ్డ పట్టీలు అంటించి ఉంటాయేమో చూడండి. అరిగిపోయి ఉంటే అదే మందంలో కొత్తవి వేయించండి. రెక్క మీద గీతలు పడకుండా కాచేవి అవే.

హైదరాబాదులో నెల గడిచాక రెక్క పూర్తిగా లాగి, అతుకు రెండు మూలల దగ్గరా పైపలకకూ రెక్కకూ ఎన్ని మి.మీ. తేడా ఉందో కొలిచి రాయండి. రెక్క పల్లంగా ఉంటే బద్ద అడుగు అరిగిందని అర్థం, అక్కడ పల్చటి టేకు పేడు అంటించాలి. ఎంత మందం కావాలో ఆ కొలతలు చూసి చెబుతాను.